ఆఫీసు ఫోన్‌లో ఫ్రెంచి పాట

బురైదా నుంచి రియాద్ వెళ్లే బస్సులో నా పక్కన జగిత్యాల మేస్త్రి మల్లయ్య కూర్చున్నాడు. స్థానికులకే ఉద్యోగాలివ్వాలనే నితాఖత్ నిబంధన పేరు చెప్పి కంపెనీ అతన్ని తీసేసింది. దేశం వదిలి ఇంటికి పోనిచ్చే ఎగ్జిట్ కాగితం కోసం అతను స్పీకర్ పెట్టి కంపెనీ ఆఫీసుకు ఫోన్ చేస్తే మనిషి పలకడు, ఫ్రెంచి సంగీత నాటకంలోని పాట మోగుతుంది. సంతోషం పలికే మేజర్ స్కేలు, గిరగిరా తిరిగే నడక, తాగినవాళ్ల హుషారు. సిగ్గులేని ఆఫీసు!

"పెండ్లి పాటనా సారూ?"

"తాగి చిందులేసే పాట."

"అట్లనా! మా క్యాంపుల ఎవలకన్న ఎగ్జిట్ పడితే ఫోన్ల ఇని ఇని నేర్సుకున్న గీ పాటనే పళ్లాల మీద కొట్టి సాగదోల్తం. గింత జోరుగ కాదు, సావు డప్పు లెక్క."

టిఫిన్ డబ్బా మూత మీద నిదానంగా వాయించి చూపించాడు. ఫోన్‌లో ఆ పాట ఇంకా గంతులేస్తూనే ఉంది.

"ఆ ఆఫీసు మూతవడ్డనాడు వాళ్లకు గూడ గిట్లనే కొడ్తం."