రాడ్డు మీది చిన్న సీటు

మొన్న పక్కింటి పిలగాడు రేసుకు పోవాలని మోటర్‌సైకిల్ అద్దాలు విప్పి, చైనును గ్యాసునూనెతో కడుగుతుండె. ఆ వాసన తగలంగనే నా గుండెల పాత దడ లేచింది.

నా చిన్నప్పుడు బాపు బొగ్గుబాయిల పనిచేస్తుండె. ఒకపాలి ఆటల పోటీలల్ల సైకిల్ పందెం పెట్టిన్రు. బాపు వాకిట్ల సైకిల్ బోర్లేసి మడ్‌గార్డులు, క్యారేజీ, గంట ఒక్కొక్కటే విప్పి, చైనును గ్యాసునూనెతో కడిగిండు.

"బరువు తగ్గితెనే ఉరుకుతది" అన్నడు.

ఆఖరుకు నేను కూసునే, రాడ్డు మీది చిన్న సీటు గూడ విప్పి మూలకు పెట్టిండు.

ఇగ నన్ను ఎన్నడూ ఎక్కించుకోడనుకున్న. ఆ రోజంత బువ్వ ముట్టలే.

"పిల్లకు జరమొచ్చిందా ఏంది?" అని అవ్వ నా నొసలు పట్టి చూసింది.

"తింటే బరువైత. బాపు నన్ను గూడ తీసేస్తడు" అన్న.

బాపు చేతిల పానా కింద పెట్టిండు.

పందెం నాడు అవ్వ కొంగు పట్టుకొని, భయం భయంగ బాపు సైకిల్ కోసం చూసిన. రాడ్డు మీద నా సీటు మళ్ల ఉన్నది! ఎగిరెగిరి చప్పట్లు కొట్టిన.

బాపు అందరికన్న వెనుక వస్తుండని నేను చూడనే లేదు.