కుర్చీ మామయ్య చేసిన చప్పుడు

బస్సు వంతెన దిగేసరికి లోపల సగం సీట్లు ఖాళీ అయ్యాయి. అయినా ఆయన కూర్చోలేదు. వెనక తలుపు దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడే ఉన్నాడు. ఖాళీ సీటు కనిపిస్తే మామూలు మనుషులకి కూర్చోవాలనిపిస్తుంది, ఆయనకి లెక్కపెట్టాలనిపిస్తుంది. ముందు వరసలో ఇద్దరు, మధ్యలో ఒక్కరూ లేరు, వెనక పదకొండు మంది. బస్సయినా సభయినా ఎక్కడైనా ఇదే తంతు. ముందు కూర్చోమని ఎంత బతిమాలినా జనం గోడకి ఆనుకునే చోటే వెతుక్కుంటారు.

"కుర్చీ మామయ్యా!"

ఆడగొంతు. బస్సంతా వెనక్కి తిరిగి చూసింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఆ పిలుపు విని పదిహేనేళ్లు దాటింది. ఈమధ్య పిల్లలంతా ఆయన్ని కుర్చీ తాత అంటున్నారు.

ముందు వరసలోంచి ఒకామె లేచి నవ్వుతూ వచ్చింది. ముప్పై మూడు, ముప్పై నాలుగేళ్లుంటాయి. ఆమె చెయ్యి పట్టుకుని ఏడేళ్ల పాప.

"గుర్తుపట్టలేదు కదూ?"

"మొహాలు నాకు గుర్తుండవమ్మా. ఏ వరసలో కూర్చునేదానివో చెప్పు."

"వెనక నుంచి రెండో వరస. కిటికీ పక్కన."

"ఓహో, కాళ్లూపే పిల్లవా! నీ ముందు కూర్చున్నవాళ్లు రోజూ నా దగ్గరికొచ్చి గోల."

ఆమె పకపకా నవ్వింది. "మా ఆయన ఉద్యోగం అటు తిప్పీ ఇటు తిప్పీ మళ్లీ ఇక్కడికే తెచ్చి పడేసింది మామయ్యా. దీన్నీ మన స్కూల్లోనే వేశాం. మూడు వారాలైంది, ఒక్క మాట మాట్లాడితే ఒట్టు. ఇవాళ కొత్తవాళ్ల సాయంత్రం కదా, మొదటి పాట దీనిదే. రిహార్సల్‌కి తీసుకెళ్తున్నా."

ఊరి చివర ఉన్న ఆ ఇంటర్నేషనల్ స్కూల్లో పిల్లలు కుదురుగా ఉండరు. తండ్రికో తల్లికో బదిలీ అయిన మర్నాడే పెట్టెలు సర్దడం మొదలవుతుంది. రెండేళ్లు, మహా అయితే మూడేళ్లు. ఒక దేశం పిల్ల వెళ్లిపోతుంది, ఆ బల్ల దగ్గరికి ఇంకో దేశం పిల్లాడు వస్తాడు. అందుకే ఏ టర్ముకి ఆ టర్ము, కొత్తగా చేరినవాళ్లందరూ వేదికెక్కి తమకు వచ్చిందేదో చేసి చూపించే సాయంత్రం ఒకటి పెట్టుకున్నారు. ఏడాది చివర వెళ్లిపోయేవాళ్లకి వీడ్కోలు సభ ఉంటుంది. రాకకైనా పోకకైనా కుర్చీలు వేసేది ఆయనే. ఇరవై ఎనిమిదేళ్లుగా అదే పని. "మన బడిలో కదలనివి రెండే, ఒకటి గేటు, రెండు మీరు" అంటుంది సంగీతం టీచరమ్మ. ఇంటి దగ్గర భార్య లెక్క వేరు. "ఊరందరికీ కుర్చీలేసే పెద్దమనిషి! ఇంట్లో ఉన్న రెండు కుర్చీల మీదా బట్టలు పడేసి తను మాత్రం నేల మీద కూర్చుంటాడు" అని పక్కింటివాళ్లకి చెప్పి నవ్వుతుంది.

"దీనికి మీ కథ చెప్పాను," అంది ఆమె పాప జుట్టు సవరిస్తూ. "ఈయనేనే, నేను చెప్పిన మామయ్య."

పాప ఆయన మొహం చూడలేదు. కమ్మీ పట్టుకున్న చేతుల వంక చూసింది.

"నా కథేముందమ్మా?"

"అదేంటి! నా కొత్తవాళ్ల సాయంత్రం నాడు, పద్యం సగంలో మర్చిపోయి కొయ్యబారిపోయాను. హాలంతా కొత్త మొహాలు, అందరూ నన్నే చూస్తున్నారు. అప్పుడు మీరు దబ్బున కుర్చీ పడేశారు. అందరూ మీవైపు తిరిగారు. ఆ కాస్త సందులో పద్యం మొత్తం గుర్తొచ్చేసింది. చివరిదాకా చెప్పేశాను. మీరు కావాలనే పడేశారు కదూ? ఇన్నేళ్లూ ఎక్కడికెళ్లినా అందరికీ ఇదే చెప్తుంటాను, మా బడిలో ఒక మామయ్య ఉండేవాడూ అని."

ఆయన కమ్మీ మీద పట్టు మార్చుకున్నాడు.

ఆ కుర్చీ చెమట చేతిలోంచి జారిపోయింది. అంతే. ఆలస్యంగా వచ్చిన ఒక తండ్రి కోసం గోడవారగా మోసుకెళ్తుంటే జారింది. ఆ చప్పుడుకి వేదిక మీద గొంతు ఆగిపోయిందనే ఆయన అనుకున్నాడు. అది ముందే ఆగిపోయి ఉందని తెలియదు. సిగ్గుతో సామాన్ల గదిలోకి పారిపోయి, సభ ముగిసేదాకా బయటికి రాలేదు. కొత్త పిల్ల గొంతు నొక్కేశానే అని కుమిలిపోయాడు. మర్నాడు పాత సైకిలు ట్యూబులు తెచ్చి ముక్కలు కోసి, నాలుగు వందల ఇనప మడత కుర్చీల కాళ్లకి తొడుగులు వేశాడు. హాల్లో చెప్పులు వేసుకోవడం ఆనాటితో మానేశాడు. ఇరవై నాలుగేళ్లుగా ఆయన చేతిలో కుర్చీ కిర్రుమనలేదు. ఆ సంగతి చెప్పుకుని గర్వపడేవాడు కూడా.

"అదీ... అసలేం జరిగిందంటే..." అని నోరు తెరిచాడు. బస్సు ఆగింది. స్కూలు స్టాపు. ఆమె పాపని దింపే తొందరలో పడింది, మాట గాల్లోనే ఉండిపోయింది.

*

కిందటేడు పాత హాలు పడగొట్టారు, ఈ సెలవుల్లో కొత్తది పూర్తయింది. ఆరువందల ఇరవై సీట్లు, మెత్తటి నీలిరంగు గుడ్డ, నేలకి బోల్టులు వేసి బిగించేశారు. ఇక వేసేదీ లేదు, తీసేదీ లేదు. పాత కుర్చీల కోసం రేపు లారీ వస్తుంది. ఆయన ఉద్యోగానికీ ఇవాళే ఆఖరి రోజు. ఈ సాయంత్రం సభయ్యాక సామాన్ల గది తాళంచెవి ఆఫీసులో ఇచ్చేయాలి. "చివర్లో మిమ్మల్ని స్టేజి మీదికి పిలుస్తాం, తప్పించుకోకండి" అని ఆఫీసు క్లర్కమ్మ రెండుసార్లు చెప్పింది.

మూడింటికి హాల్లో నిలబడి ఆయన ఆ నీలిరంగు సముద్రాన్ని చూశాడు. కొత్తగా చేరిన పిల్లలు పద్దెనిమిది మంది. సగం మంది తండ్రులు ఊళ్లో ఉండరు. ఎలా చూసినా అరవై మందికి మించి రారు. పైగా అందరూ ఒకరికొకరు కొత్త. కొత్తవాళ్లు కూర్చునే పద్ధతి ఆయనకి కొట్టినపిండి. మనిషికీ మనిషికీ మధ్య మూడు సీట్లు వదిలేస్తారు, సంచిని పక్క సీట్లో కూర్చోబెడతారు. అందుకే పాత హాల్లో అరవై మంది వస్తారనుకుంటే యాభై కుర్చీలే వేసేవాడు. చోటు చాలక జరగండి, జరగండి అనుకుంటూ భుజాలు తగిలించుకుని కూర్చునేవాళ్లు. ఇంటికెళ్లేటప్పటికి పేర్లు తెలిసేవి. పది మంది నిలబడి చూస్తుంటే వేదిక మీది పిల్లకి ఊరంతా వచ్చినట్టుండేది. ఇది ఎవరూ నేర్పిన విద్య కాదు, ఏ కాగితం మీదా లేదు.

ఇప్పుడు ఆ మూగపిల్ల మొదట పాడాలి. అరవై మందిని ఆరువందల సీట్లలో చల్లితే గింజలేరుకునే పిట్టలకి కూడా దొరకరు.

ఆయన సంగీతం టీచరమ్మ దగ్గరికెళ్లాడు. "అమ్మా, జనాన్ని స్టేజి మీదే కూర్చోబెడితే?"

"స్టేజి మీదా? మరి పిల్లలో?"

"వాళ్లూ అక్కడే. తెర వేసేద్దాం. తెర వెనకాల ఎన్ని సీట్లున్నాయో ఎవడికి కావాలి? మూడు వైపులా కుర్చీలు, మధ్యలో పిల్లలు. పాత కుర్చీలు రేపటిదాకా మనవేగా."

టీచరమ్మ కళ్లజోడు పైకి తోసి ఆయన్ని ఎగాదిగా చూసింది. "ప్రిన్సిపాల్ మేడమ్ నన్ను ఉరి తీస్తుంది."

"నా పేరు చెప్పండి. రేపు ఎలాగూ ఉండనుగా."

యాభై కుర్చీలు మోసేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. నాలుగున్నరకి ప్రిన్సిపాల్ వచ్చింది. ఈ హాలు ఆవిడ రెండేళ్ల కల. తెర తొలగించి లోపలికి తొంగిచూసి, తుప్పు మరకల ఇనప కుర్చీల్ని వేలితో చూపించింది.

"ఇదేంటండీ? బయట అంత హాలు పెట్టుకుని?"

"హాలంతా మీదే మేడమ్. స్టేజి ఒక్కటీ ఈ పూటకి నాకివ్వండి. వచ్చేది అరవై మంది. ఆ సీట్లలో చెదిరిపోయి కూర్చుంటే పిల్లలు భయపడి చస్తారు."

ఆవిడ వెనక్కి తిరిగి తన ఆరువందల ఇరవై సీట్లని చూసుకుంది. మొహంలో బాధ కనిపించింది. చెడ్డ మనిషి కాదు. "సరే. కానీ రికార్డింగ్ జరుగుతుంది, ఈ ఇనప సామాను చప్పుడు ఒక్కటి వినపడ్డా ఊరుకోను."

"నా చేతిలో కుర్చీ చప్పుడు చెయ్యదు మేడమ్," అన్నాడాయన. ఆ మాట అనడం ఎప్పుడూ ఇష్టమే.

*

ఐదింటికి యాభై ఎనిమిది మంది వచ్చారు. తెర వెనక దారిలో తడుముకుంటూ వచ్చి, వెలుతురులో ఒకరినొకరు అంత దగ్గరగా చూసుకుని ఇబ్బందిగా నవ్వుకున్నారు. "కొంచెం జరుగుతారా అండీ?" "అయ్యో, నా సంచి!" "మీ బాబు ఏ క్లాసు?" ఎనిమిది మందికి కుర్చీ లేదు. ఆయన కావాలనే ఇంకో కుర్చీ మడిచి చేతిలో పట్టుకుని గోడవారగా నిలబడ్డాడు. ఆఖర్న ఎవరైనా ముసలివాళ్లొస్తే వెయ్యడానికి.

పాప మధ్యలోకి వచ్చి నిలబడింది. టీచరమ్మ పియానో మీద మొదలుపెట్టింది. పాప పాడింది. సన్నటి గొంతు, కానీ తడబాటు లేదు. మొదటి చరణం అయింది. రెండోది ఎత్తుకుని, రెండు ముక్కలయ్యాక ఆగిపోయింది.

టీచరమ్మ అదే ముక్క మళ్లీ వాయించింది. పాప పెదవి కదల్లేదు. వాళ్లమ్మ ముందు వరసలో అరచేతులు నలుపుకుంటోంది. యాభై ఎనిమిది జతల కళ్లు, చెయ్యి చాపితే అందేంత దగ్గరలో. తను ఇంత దగ్గరగా తెచ్చి కూర్చోబెట్టింది ఇందుకా అనుకున్నాడాయన.

అప్పుడు పాప తల తిప్పింది. వాళ్లమ్మని చూడలేదు, టీచరమ్మనీ చూడలేదు. ఆయన చేతుల్ని చూసింది. చేతుల్లోని కుర్చీని చూసింది. ఎదురుచూస్తోంది.

ఆయనకి అర్థమైంది, ఆ చప్పుడు కోసమే. ప్రిన్సిపాల్ నాలుగడుగుల దూరంలో ఉంది. ఇరవై నాలుగేళ్లు కాపాడుకున్న పేరు ఈ చేతుల్లోనే ఉంది. జారిపోవడం ఎంత తేలికో ఆయనకి తెలుసు. కావాలని వదలాలంటే మాత్రం వేళ్లు మాట వినడం లేదు. పైగా కాళ్లకి రబ్బరు తొడుగులు. నిలువుగా వదిలితే తుస్సుమని ఊరుకుంటుంది. వీపు మీద పడాలి, మడత విప్పి, ఆ రేకు నేలకి తగిలేలా. నాలుగు వందల కుర్చీలకి తొడుగులు వేసినవాడికి ఏ రేకు ఎలా మోగుతుందో ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

మడత విప్పాడు. వెల్లకిలా తిప్పాడు. వదిలేశాడు.

తెరకి అవతల ఆరువందల ఇరవై ఖాళీ సీట్ల దాకా ఆ మోత వెళ్లి తిరిగొచ్చింది. ఒకాయన "అమ్మో!" అన్నాడు. అందరి తలలూ ఇటు తిరిగాయి. ప్రిన్సిపాల్ చూపుకి ఆయన చెమటలు కక్కాడు. ఎవరో కిసుక్కుమన్నారు, వెంటనే వరసంతా నవ్వు పాకింది.

ఆ నవ్వులోంచి పాట వచ్చింది. రెండో చరణం, మూడోది, ఆపకుండా చివరిదాకా. తలలు ఒక్కొక్కటే పాప వైపు తిరిగాయి.

చప్పట్ల మధ్య వాళ్లమ్మ ఇటే చూసింది, కళ్లనిండా నీళ్లతో. "చూశారా, నేను చెప్పలేదూ!" అన్నట్టుంది ఆ చూపు. చివర్లో తనని పిలిచినప్పుడు ఈమె ఊరుకోదు, మైకు తీసుకుని అందరికీ ఆ పాత కథ చెబుతుంది. అప్పుడు తను అవునంటే అబద్ధం. కాదంటే, ఇరవై నాలుగేళ్లుగా ఆమె దేశదేశాలు మోసుకు తిరిగిన మామయ్యని నలుగురి ఎదుట లాగేసుకోవాలి. ఈరోజు చేసింది పాత దానికి చెల్లుతుందో లేదో ఆయనకి తేలలేదు. అలాంటివి తేల్చడానికి పెద్ద చదువులు చదివినవాళ్లున్నారు.

మిగతా పదిహేడు మందీ పాడారు, ఆడారు, ఒకడు తలకిందులుగా నిలబడి చూపించాడు. ఆయన ఆ కుర్చీని లేపి, గోడవారగా వేసి, ఒక ముసలావిణ్ణి కూర్చోబెట్టాడు. ఆఖరి పిల్ల అయ్యాక ప్రిన్సిపాల్ మైకు అందుకుంది. "వెళ్లేముందు మనందరం ఒకాయనకి..." అంటూ గోడవైపు చూసింది.

గోడవారన ముసలావిడ ఒక్కతే ఉంది, ఒళ్లో తాళంచెవితో. "ఇది పట్టుకోమని ఇచ్చాడమ్మా" అంటోంది.

వసారాలో ఆయన చెప్పులు తొడుక్కున్నాడు. రోజూ ఆ పని మెట్లు దిగాక చేసేవాడు. ఈసారి తలుపు పక్కనే తొడుక్కుని, నున్నటి రాతి నేల మీద టపాటపా చప్పుడు చేసుకుంటూ, వెనక్కి తిరగకుండా, గేటు దాటి బస్సు స్టాపు వైపు వెళ్లిపోయాడు.