అడ్డపొగ అత్తకు పక్షవాతం పరీక్ష

నిన్న పొద్దున్న బీపీ చూపించుకుందామని మా వీధి చివరి ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాను. రిటైరయ్యాక నాకు మిగిలిన గట్టి పనుల్లో అదొకటి. నర్సమ్మాయి నా జబ్బకు పట్టీ చుట్టి, గోడ కేసి చూస్తూ, "మేడమ్, పొగ తాగుతారా?" అని అడిగింది. సర్వీసంతా ఆశ్రమ పాఠశాలలో పిల్లలకు ఎక్కాలు చెప్పిన టీచరమ్మను అడగాల్సిన ప్రశ్నేనా అది? మామూలుగా అయితే నాకు చర్రున కోపం రావాలి. రాలేదు సరికదా, కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. పట్టీ ఊడి కింద పడింది. "నవ్వకండి మేడమ్, రీడింగు పెరిగిపోతాది" అని ఆ పిల్ల విసుక్కుంది. దానికేం తెలుసు, ఇదే ప్రశ్నకు నోట్లో చుట్ట కాలుతుండగా "నేదమ్మా, నాను తాగను" అని నిండు మనసుతో జవాబిచ్చిన మనిషి మా వాళ్ళలో ఒకావిడ ఉందని!

ఆవిడ మా మేనత్త, మా నాన్నకు అక్క. డుంబ్రిగుడ దాటాక, తారురోడ్డు ఇక నా వల్ల కాదని ఆగిపోయిన చోటు నుంచి కొండెక్కితే మా ఊరొస్తుంది. అక్కడ ఒక్కతే ఉంటుంది. మావయ్య ఎప్పుడో పోయాడు. పిల్లలు లేరు. మా అమ్మ కొండ పనికి పోతే నన్ను చంకనేసుకుని పెంచింది ఆవిడే. అందుకే నాకు మనవలు పుట్టినా ఆవిడకు నేనింకా గుంటనే, చిన్నపిల్లనే. చంకలో నేను, నోట్లో చుట్ట. మా వైపు ఆడవాళ్ళ చుట్ట సంగతి తెలియని వాళ్ళకు ఒక మాట చెప్పాలి. మగవాళ్ళు నిప్పు బయటికి పెట్టి తాగుతారు. ఆడవాళ్ళు నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పెదాలు మూసేస్తారు. దాన్నే అడ్డపొగ అంటారు. గాలికి ఆరదు, వానకు తడవదు, చంకలో పిల్లకు చురక అంటదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. నోట్లో నిప్పుతోనే మా అత్త కాఫీ పళ్ళు కోసేది, చోళ్ళు దంచేది, కోళ్ళను అదిలించేది, పక్కింటావిడతో తగువు కూడా పెట్టుకునేది. నాలుక ఎందుకు కాలదో నాకు ఇప్పటికీ అంతుబట్టదు. ఆ నోటికి నిప్పే భయపడి ఉంటుందని మా ఆయన అంటారు.

కొన్నేళ్ళ కిందట పక్షవాతం మీద పరిశోధన చేస్తున్నామంటూ విశాఖ నుంచి ఒక బృందం మా కొండలకు వచ్చింది. ఆ జబ్బు ఎవరికొస్తుంది, ఎందుకొస్తుంది, వచ్చాక మనిషి ఎంతవరకు కోలుకుంటాడు అన్నది వాళ్ళు తేల్చాలనుకుంటున్న సంగతి. మా కొండల్లో వేసవిలో చేసుకునే ఇటుకల పండక్కని నేనూ ఊళ్ళోనే ఉన్నాను. ట్యాబు పట్టుకున్న ఒక సన్నటి అమ్మాయి వచ్చి మా అత్త అరుగు మీద కూర్చుంది. ఉప్పెక్కువ తింటారా అంటే, "ఉప్పు నేకపోతే అంబలి గొంతు దిగుతాదేటమ్మా?" అంది అత్త. సారా తాగుతారా అంటే, "సారా ఎవులు తాగుతారు, ఛీ! జీలుగు కల్లే" అంది. పొగ తాగుతారా అంటే మాత్రం లేదంది. ఆ అమ్మాయి సంతోషంగా ట్యాబు మీద నొక్కింది. ఇంతలో అత్త దగ్గింది. ముక్కులోంచి పొగ వచ్చింది. సర్వే పిల్ల అరుగు మీంచి ఒక్క గెంతు గెంతి, "మేడమ్, ఈవిడ లోపల ఏదో కాలుతోంది!" అని నా చెయ్యి పట్టుకుంది.

అత్త తాపీగా నోట్లోంచి చుట్ట తీసి చూపించింది. "ఇదా? ఇది ఆడోళ్ళ సుట్టమ్మా. పొగ తాగడమంటే మగోళ్ళు గుప్పుగుప్పుమని ఊరి మీదకి ఒదిలేది కాదేటి? నాది నా లోపలే ఉంటాది, ఎవులికీ ఇబ్బంది నేదు" అంది. నిప్పు లోపల పెట్టుకునే వాళ్ళ కోసం ట్యాబులో గడి లేదట. ఆ అమ్మాయి సిగ్నలు కోసం బండరాయెక్కి, విశాఖకు ఫోను చేసి కనుక్కోవాల్సి వచ్చింది.

నా నవ్వు అక్కడితో ఆగింది. బీపీ చూసి ఆ అమ్మాయి మళ్ళీ చూసింది. రెండో చేతికి కట్టి మళ్ళీ చూసింది. నన్ను పక్కకు పిలిచి, ఇంత బీపీకి ఎప్పుడైనా పక్షవాతం కొట్టొచ్చు, మాత్ర ఒక్కరోజు కూడా తప్పకూడదు, ఆ చుట్ట మానిపించండి అని చెప్పింది. ఊరందరినీ పోగుచేసి, మూతి వంకరపోయినా, చెయ్యి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకురావాలని తన మూతి వంకరపెట్టి మరీ చూపించింది. మావాళ్ళు దాన్ని పండగ వేషాల్లో కలిపేసుకుని, ఇంకోసారి చెయ్యమని అడిగి మరీ నవ్వుకున్నారు.

ఆశా కార్యకర్త నెల మాత్రలు తెచ్చిచ్చింది. వారానికే అయిపోయాయి. ఏమయ్యాయంటే, పంచేసిందట. మా ఊళ్ళో ఒక్కరే కూర్చుని తినడాన్ని మించిన తప్పు లేదు. పనసపండు కోసినా, కోడిని కోసినా ఆకుల్లో పెట్టి ఇంటింటికీ ఇవ్వాల్సిందే. మాత్రలూ అంతే. తలనొప్పి ఉన్నావిడకొకటి, మోకాళ్ళు పట్టేసిన తాతకొకటి. ముహూర్తాలు పెట్టి, గాలీ ధూళీ చూసే దిసారికి గౌరవంగా రెండు. నాకు ఒళ్ళు మండిపోయింది. "అత్తా, అవి నీ బీపీకిచ్చిన మాత్రలే!" అని అరిచాను. ఆవిడ నన్ను వింతగా చూసి, "నానొక్కద్దాన్నీ తినీసి కూకుంటే ఊరోళ్ళు ఏటనుకుంటారే గుంటా? అంత సదువుకున్నావు, సిగ్గు నేదూ?" అంది. తిట్టడానికి వెళ్ళి తిట్లు తినొచ్చాను.

ఆ ఏడు కాఫీ పళ్ళ కోతల్లో, ట్యాబు అమ్మాయి భయపడినట్టే అయింది. తోటలో కోస్తూ కోస్తూ ఎడమ చేతిలోంచి బుట్ట జారిపోయింది. మూతి ఓ పక్కకు లాగేసింది. చూసినవాళ్ళు గాలి సోకిందని దిసారి కోసం పరిగెత్తారు. మామూలుగా అయితే ఆయన వచ్చి, ఏ దేవతకు కోపమొచ్చిందో, నల్లకోడి కావాలో తెల్లకోడి కావాలో తేల్చేసరికి పొద్దు వాలేది. కానీ ఆయన అత్త మొహంలోకి చూసి, అక్క వరసతో పిలిచి, "అప్పా, రెండు సేతులూ ఎత్తు" అన్నాడు. ఒకటే లేచింది. "ఇది గాలి కాదర్రా, బీపీ! నానూ తిన్నాను గదా దీని మాత్రలు, నాకు తెలీదేటి? బేగి రోడ్డెక్కించండి!" అని కేకేశాడు. ఇద్దరు మనుషులు అత్తను బైకు మీద మధ్యన ఇరికించుకుని తారురోడ్డు దాకా దించారు.

ఫోను రాగానే, మేముండే అరకులో నేను అంబులెన్సెక్కాను. విశాఖ ఆసుపత్రికి దిగే అనంతగిరి మలుపుల్లో నా ఒళ్ళో పడుకుని, ముద్దమాటలతోనే, బుట్టలో పళ్ళు ఎండిపోతాయని, పక్కింటావిడ ఎత్తుకుపోతుందని తిడుతూనే ఉంది. నేను అవునవునంటూ ఆ ఎడమ చెయ్యి పట్టుకున్నాను. తడి గుడ్డలా ఉంది. నన్ను ఎత్తుకుని పెంచిన చెయ్యి. నాకు ఏడుపాగలేదు. సమయానికి తెచ్చారు కాబట్టి మనిషి దక్కిందని డాక్టర్లు చెప్పినప్పుడు ఆసుపత్రి వరండాలో కూలబడి ఇంకోసారి ఏడ్చాను.

తర్వాత ఆవిణ్ణి అరకులో మా ఇంటికి తెచ్చుకున్నాను. నా లెక్క ప్రకారం అది శాశ్వతం. ముందు గదిలో మంచం వేయించాను, పట్టుకోవడానికి గోడకు కడ్డీ బిగించాను. అత్త లెక్క వేరు. మా టైల్సు జారతాయి, మా అన్నం మెత్తన, మా కోళ్ళు ఫ్రిజ్జులో ఉంటాయి. వేళ్ళు ఆడించడానికి ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన రబ్బరు బంతిని, "నానేటి సంటిపిల్లనా?" అని కిటికీలోంచి విసిరేసింది. కుడిచేత్తోనే అనుకోండి. కొన్నాళ్ళాగి ఆ పరిశోధన బృందం నుంచి ఒక డాక్టరమ్మ వచ్చి, రోగి తన పనులు తాను ఎంతవరకు చేసుకుంటున్నదీ చూస్తారని తెలిసింది. అది విన్న క్షణం నుంచీ అత్తకు ఒకటే ధ్యాస. "పరీచ్చ కదా? అందులో పాసైతే నానింటికెల్లిపోతాను. మరి ఉండను." అలాంటి రూలేమీ లేదని ఎంత చెప్పినా వినలేదు.

ఈ మధ్యలో చుట్ట కథ ఒకటి నడిచింది. ఓ మధ్యాహ్నం నేను స్నానానికి వెళ్ళినప్పుడు ఎవరినో అడిగి ఒక చుట్ట సంపాదించి, వెలిగించి, అలవాటు ప్రకారం నిప్పు లోపల పెట్టుకుంది. వంకరపోయిన మూతి సరిగ్గా మూసుకోలేదు. చుట్ట జారి కోకలో పడింది. నేను కేక విని వచ్చేసరికి మా ఆయన చెంబుడు నీళ్ళు ఆవిడ మీద కుమ్మరించి నిలబడి ఉన్నారు. "అల్లుడు నన్ను ముంచీసినాడే!" అని ఒకటే గోల. ట్యాబు అమ్మాయి చెప్తే మానలేదు, డాక్టర్లు చెప్తే మానలేదు, తన మూతి చెప్తే మానింది.

మానింది సరే, చెయ్యి ఊరుకోలేదు. పొగాకు తెప్పించుకుని, ఆ రాని ఎడమచేత్తో ఆకు పట్టుకుని, కుడిచేత్తో చుట్టడం మొదలెట్టింది. మొదట్లో అవి చీపురు కట్టల్లా వచ్చేవి. పోనీలే, తాగడం లేదు కదా అని నేనూ చూసీచూడనట్టు ఊరుకున్నాను. రోజురోజుకీ చుట్ట సన్నబడింది, బిగిసింది. మా వీధి ముసలమ్మలు పొద్దున్నే మా గేటు దగ్గరికి ఎందుకు చేరుతున్నారో నాకు ఆలస్యంగా అర్థమైంది.

పరీక్ష రోజు అత్త తలకు నూనె రాయించుకుని, ఉతికిన కోక కట్టుకుని సిద్ధంగా కూర్చుంది. డాక్టరమ్మ చిన్నది, మర్యాదస్తురాలు. నడవమంటే అత్త గేటు దాకా నడిచి, అడగకపోయినా రోడ్డు దాటి, ఎదురింటి కుక్కను అదిలించి వచ్చింది. కాలు కొంచెం ఈడుస్తోంది గానీ తూలలేదు. సన్నటి పుల్లలు తీసి చెక్క చిల్లుల్లో గుచ్చమంటే ఆ ఎడమచేత్తో చకచకా గుచ్చేసింది. డాక్టరమ్మ ఆశ్చర్యపోయి, "ఇంత బాగా చెయ్యి తిరగడం తక్కువగా చూస్తాం. ఏ ఎక్సర్‌సైజు చేయించారు మేడమ్?" అని నన్నడిగింది. నేను నోరు తెరిచేలోగా అత్త ముందుకు వంగి, "సుట్టలు సుట్టినానమ్మా. నాను నోట్లో ఎట్టనేదు, ఒట్టు. అన్నీ ఈదిలో ఆడోళ్ళకిచ్చీసినాను" అని గర్వంగా చెప్పింది. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "మేడమ్, మీ అత్తగారు బాగుపడ్డారు గానీ, మా పరిశోధనకు కొత్త పేషెంట్లను తయారు చేస్తున్నారు" అంది. మా ఆయన నవ్వాపుకోలేక పెరట్లోకి పారిపోయారు.

ఆ నవ్వుల్లోనే డాక్టరమ్మ నా వైపు తిరిగి, "ఆఖరి ప్రశ్న మీకండీ. ఈవిణ్ణి ఎవరి సాయం లేకుండా ఒక్కరినే ఉంచొచ్చా?" అంది. అంటే పరీక్ష అత్తకు పెట్టి జవాబు నన్ను అడుగుతోంది. అత్త నా వైపు చూసింది. పుట్టి బుద్ధెరిగాక ఎవరినీ ఏదీ బతిమాలని మనిషి. ఆ చూపు నేను తట్టుకోలేకపోయాను. వద్దు అనడానికి నా దగ్గర బోలెడు కారణాలున్నాయి. వానకు ఆ దారి జారుతుంది, మళ్ళీ వస్తే చూసేదెవరు, ఈసారి దిసారి ఊళ్ళో లేకపోతేనో? వాటన్నిటి కింద అసలు కారణం ఇంకోటుంది. నాకు ఆవిడ కావాలి. ఉద్యోగం అయిపోయి, పిల్లలు ఎవరి ఊళ్ళకు వాళ్ళు పోయాక, పొద్దున్న లేవగానే నన్ను గుంటా అని తిట్టడానికి ఒక మనిషి ఇంట్లో ఉండడం నాకెంత బావుందో ఎవరికి చెప్పుకోను? "ఉంచొచ్చండీ" అన్నాను. డాక్టరమ్మ మళ్ళీ అడిగితే మళ్ళీ చెప్పాను. "పాసేనా?" అంది అత్త. "పాసేనండీ" అంది డాక్టరమ్మ.

ఆశా కార్యకర్త చేత ఊరందరికీ బీపీ చూపించి, అవసరమైన వాళ్ళకు వాళ్ళ మాత్రలు వాళ్ళకు ఇప్పించాకే నేను అత్తను తీసుకుని కదిలాను. ఇప్పుడు పంచితే పుచ్చుకునేవాళ్ళు లేరు కాబట్టి తన మాత్రలు తనే మింగాల్సి వస్తోందని అత్త ఇప్పటికీ గొణుగుతుంది.

ఇంటికి తీసుకెళ్ళిన రోజు కొండ దారిలో నేను ఆవిడ రెక్క పట్టుకుంటే, "ఒగ్గీ, నాకేటి కాళ్ళు నేవా?" అని విదిలించుకుంది. కాఫీ పూసిన కాలం. కొండంతా ఆ వాసనే. కర్ర పొడుచుకుంటూ, కాలు ఈడ్చుకుంటూ, తన ఊపిరిని తనే లెక్క చూసుకున్నట్టు నిదానంగా ఎక్కింది. నేను సగం దారిలోనే రొప్పుతూ రాయి మీద కూలబడ్డాను. ఆవిడ ఆగి, వెనక్కి తిరిగి, చాలాసేపు నాకోసం నిలబడింది. "బేగి రాయే గుంటా, పొద్దుపోతన్నాది" అంది. పైకి చేరాక తలుపు తీసి లోపలికి వెళ్ళిపోయింది. నన్ను ఉండమనలేదు, వెళ్ళమనలేదు. ఆవిడ లోపల పొయ్యి రాజేస్తున్న చప్పుడు వింటూ అరుగు మీద కూర్చుని కళ్ళు తుడుచుకున్నాను. పెద్దవాళ్ళను మన దగ్గర పెట్టుకోవడానికి మనకు తీరికైన కాలమే, వాళ్ళకు తమ ఇంట్లో తాము బతకడానికి మిగిలిన కాలమూ అవుతుంది. అది వాళ్ళది, మనది కాదు.