సవతి తెచ్చిన చట్టం

ఆ చట్టం వచ్చిన సంగతి మా ఇంటికి మొట్టమొదట మోసుకొచ్చినది మా మేనత్త సవతి. ఈ మాట మొన్న మా మనవరాలితో అంటే పకపకా నవ్వింది. తను తిరుపతిలో లా చదువుతోంది. పరీక్షకని లావుపాటి పుస్తకం ముందేసుకుని, నలభయ్యారులో వచ్చిన ఒక పాత చట్టాన్ని పైకి చదువుకుంటోంది. భర్త మరో పెళ్ళి చేసుకుంటే మొదటి భార్య విడిగా ఉండవచ్చు, పోషణ అడగవచ్చు అని. పక్కన కూర్చుని దీపానికి వత్తులు చేసుకుంటున్న నా చేతులు ఆగిపోయాయి. "ఆ చట్టం నాకు తెలుసు" అన్నాను. "బడికే పోనిదానివి, నీకెట్ల తెలుసవ్వా?" అంది. నిజమే, నేను బడి మెట్టు ఎక్కినదాన్ని కాను. నాయన ఇంట్లో దిద్దించిన అక్షరాలే నా చదువు. అయినా పన్నెండేళ్ళప్పుడు ఆ చట్టాన్ని నా నోటితో చదివాను. మొదటిసారి తప్పుగా చదివాను, రెండోసారి సరిగ్గా చదివాను. ఆ రెండోసారి బుద్ధి పుట్టించినందుకు ఏడుకొండలవాడికి ఈనాటికీ దండం పెట్టుకుంటూనే ఉన్నాను.

మా ఇల్లు గోవిందరాజస్వామి గుడి వెనక వీధిలో ఉండేది. నాయనది చింతపండు వ్యాపారం. శివరాత్రి వెళ్ళిందంటే మా వసారా నిండా చింతకాయల గుట్టలే. మధ్యాహ్నం వంటలయ్యాక ఇంటి ఆడవాళ్ళు వాటి చుట్టూ చేరి పెంకు వలిచి, ఈనె లాగి, కొయ్య సుత్తితో కొట్టి గింజ తీసేవాళ్ళు. ఆ పులుపు వాసన మా జడల్లోనే కాదు, హారతి కర్పూరంలో కూడా ఉండేది. అత్త నాయనకు చెల్లెలు. ఆమెకు చదువు రాదు. కానీ వినే ఆశ ఎంతో. "పాపా, నా చేతులు జిగురు. నువ్వు సదువు" అని సరుకు చుట్టుకుని వచ్చిన పాత పేపర్లు నా ముందు వేసేది. యుద్ధం సంగతులు, తలనొప్పి మాత్రల ప్రకటనలు, ఏదీ వదలనిచ్చేది కాదు. ఒకసారి ఎక్కడో ఎద్దు తప్పిపోయిందని ఒక ప్రకటన చదివితే, అది దొరికిందో లేదో చూడమని నెల రోజులు నా ప్రాణం తీసింది. ఆ ఎద్దు పుణ్యమా అని నాకు గుణింతాలు, ఒత్తులు గట్టిపడ్డాయి.

అత్తను చిత్తూరు దగ్గర చెరకు సాగు చేసే ఇంట్లో ఇచ్చారు. పదేళ్ళు గడిచినా కడుపు పండలేదు. ఆ రోజుల్లో అలాంటి ఇళ్ళలో ఒక పద్ధతి ఉండేది. పెద్ద భార్యే స్వయంగా వెళ్ళి పిల్లను చూసి, తన చేత్తో బొట్టు పెట్టి తీసుకురావాలి. అలా చేస్తే ఇల్లు చీలదని నమ్మకం. అత్త అలాగే పుత్తూరు వైపు పల్లెకు వెళ్ళి ఒక పిల్లను ఎంచుకుంది. ఎందుకు నచ్చిందని అడిగితే "గట్టిగా నవ్వింది, అంతే" అనేది. ఆ పిల్లకు తనే నలుగు పెట్టింది. ఏడాదికి ఆడపిల్ల పుడితే బాలింతకు పథ్యం వండింది, బిడ్డకు నీళ్ళు పోసింది. బిడ్డకు ఆరు నెలలు నిండాక పండక్కని మా ఇంటికి వచ్చింది. తిరిగి వెళ్ళలేదు. మా ఇంట్లో ఆమెను పొమ్మన్నవాళ్ళు లేరు, ఉండమన్నవాళ్ళూ లేరు. మా అమ్మ మంచిదే. అయినా పోపు డబ్బా కావాలంటే అత్త అడిగి తీసుకునేది.

అలా ఉండగా ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం ఆ సవతి మా గడపలో నిలబడింది. పద్దెనిమిదేళ్ళు ఉంటాయేమో. కొండమీద బిడ్డకు పుట్టువెంట్రుకలు తీయించి దిగివచ్చారు. బిడ్డ గుండు మీద చందనం ఇంకా తడిగా ఉంది. మామ ముఖం చెల్లక సత్రంలోనే ఉండిపోయాడట. మా అవ్వ, నాయన తల్లి, చూసీ చూడనట్టు చింతగింజలు ఏరుకుంటోంది. ఆ పిల్ల నేరుగా అత్త దగ్గర కూర్చుని, ప్రసాదం చేతిలో పెట్టి అంది:

"అక్కా, మా ఊరి అయ్యవారు పేపర్లో సదివినాడు. మొగుడు ఇంకో పెండ్లి చేసుకుంటే ముందుదానికి వేరే ఇల్లు, తిండీ గుడ్డా ఇయ్యాల్నంట. సట్టం వచ్చిందంట."

"సవతి తెచ్చిన సట్టమా!" అంది అవ్వ. "మా బిడ్డ మళ్ళా ఆ గడప తొక్కకుండా బాగానే ఎత్తు ఏసినావు మే."

అత్త అవ్వ మాట వినిపించుకోలేదు. "ఈ సంగతి ఆయనకు తెలుసునా?" అని మాత్రం అడిగింది.

"నేనే చెప్పినాను. గిన్నె ఇసిరికొట్టినాడు. మళ్ళా ఆ గిన్నెలోనే అన్నం పెట్టమన్నాడు."

అత్త ఫక్కున నవ్వింది. పుట్టింటికి వచ్చాక ఆమె అలా నవ్వడం నేను అప్పుడే చూశాను.

మూడో రోజుకు నాయన ఎవరో వకీలు దగ్గరనుంచి ఆ చట్టంలోని సంగతులన్నీ తెలుగులో అచ్చయిన పేపరు సంపాదించి తెచ్చాడు. నేను చదివాను. అంతా విని అత్త సుత్తి కింద పెట్టింది. "పాపా, ముందు పెండ్లాం తానే ఒప్పుకొని రెండోదాన్ని తెచ్చింటే ఈ హక్కు లేదని యాడన్నా రాసుండాదా? బాగా సూడు."

చూశాను. అలాంటి మాట ఎక్కడా లేదు. కానీ నా తలలో ఒకటే తిరుగుతోంది. ఈ హక్కు వస్తే అత్త వేరే ఇంటికి వెళ్ళిపోతుంది. ఇక వసారాలో నా పక్కన ఎవరుంటారు? "ఉండాది అత్తా. ఒప్పుకొని ఉంటే లేదంట" అనేశాను.

"అట్లనే అనుకున్నాను" అంది అత్త. మళ్ళీ సుత్తి తీసుకుంది.  ఆ రోజూ, మరునాడూ నన్ను ఏమీ చదవమనలేదు. సాయంత్రం దీపం దగ్గర గోవింద నామాలు మధ్యలోనే ఆపేసి లేచిపోయాను. అబద్ధం చెప్పిన నోటితో ఆ పేరు పలకడం నాకు చేత కాలేదు.

మూడో రోజు మధ్యాహ్నం ఆమె దగ్గరికి వెళ్ళి, "అత్తా, అట్ల రాసి లేదు. నేను అబద్ధం చెప్పినాను" అన్నాను. కొడుతుందనుకున్నాను. "మళ్ళా సదువు" అంది. చదివాను. "ఇంకోసారి." మూడుసార్లు చదివించుకుంది. అప్పుడడిగింది, "ఎందుకు చెప్పినావు?"

"నువ్వు పోతావని."

అత్త జిగురు అంటని మణికట్టుతో నా చెంప తుడిచింది. "పోతే పోతాను గానీ, పాపా, లేని మాట సదవద్దు. నాకు నీ కండ్లే గతి" అంది. ఆ మాట నన్ను ఇంతకాలం సరైన దారిలో నడిపించింది.

నాయన అత్తను వకీలు దగ్గరికి తీసుకువెళ్ళాడు. నేనూ వెంటపడ్డాను. "రెండో పెళ్ళి నీకిష్టం లేకుండా జరిగిందని రాద్దామా అమ్మా?" అని వకీలు అడిగితే నాయన గబగబా తలూపాడు. అత్త ఒప్పుకోలేదు. "పిల్లను నేనే సూసి తెచ్చినాను సామీ. నలుగు పెట్టిన చేతులివి. ఉన్నదున్నట్టు రాయండి." అలా రాస్తే కోర్టులో ఏమవుతుందో చెప్పలేనని వకీలు అన్నాడు. అయినా అలాగే రాయించి మామకు నోటీసు పంపించింది.

రెండు వారాలకు మామ ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని వచ్చాడు. వెనకాలే బిడ్డను చంకనేసుకుని ఆ పిల్ల. వసారాలో చాపలు పరిచారు. మామ లేచి నిలబడి, "సవతిని తెచ్చింది ఎవురు? నలుగు పెట్టింది ఎవురు? ఇప్పుడు సవతి ఉండాదని కాగితం పంపితే ఎట్ల అప్పా?" అన్నాడు. పెద్దమనుషులు తలలూపారు. నాయన నేల చూశాడు. అత్త స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. వ్యవహారం అక్కడితో ముగిసినట్టే అనిపించింది.

"ఒక మాట" అంది గడప దగ్గరనుంచి ఆ పిల్ల. "అక్క నన్ను బిడ్డ కావాలని తెచ్చింది. తనకు ఇల్లు వద్దని యాడా చెప్పలేదే?"

"నువ్వు లోపలికి పోమ్మా" అన్నాడు ఒక పెద్దాయన.

"పోతాను పెద్దాయనా. నాకు ముందు పుట్టింది ఆడపిల్ల. ఇప్పుడు కడుపులో ఇంకోటి ఉండాది. ఇదీ ఆడపిల్లయితే, మూడోదాన్ని సూసి రమ్మని నన్నే పంపిస్తారు. పొమ్మంటే పోతాను, నలుగూ పెడతాను. ఆ తరువాత నేను యాడికి పోవాల? నాకు పుట్టిల్లు కూడా లేదు. ఈ పొద్దు అక్కకు ఇల్లు ఇస్తే, రేపు నాకూ ఒకటి ఉంటాదని కండ్లు మూసి నిద్ర పోతాను."

 మామ తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూనే ఉన్నాడు. అవ్వ మెల్లిగా లేచింది. ఎత్తు వేశావని దెప్పిన అవ్వ ఆ పిల్ల దగ్గరికి వెళ్ళి, "ఒట్టిమనిషివి కూడా కాదు, ఎంతసేపు మోస్తావు మే. బిడ్డను ఇట్లియ్యి" అని చేతులు చాపింది. అప్పుడు మామే నోరు విప్పాడు. చంద్రగిరిలో తన తల్లి వైపునుంచి వచ్చిన రెండు గదుల ఇల్లు ఖాళీగా ఉందని, అది అత్తకు ఇస్తానని, ఏటా వడ్లు, బెల్లం పంపిస్తానని. పెద్దమనుషులు కాగితం రాశారు. కోర్టు గడప ఎక్కే పని లేకుండా పోయింది.

ఆ నెలలోనే అత్త ఎద్దులబండి ఎక్కింది. బండి వీధి మలుపు తిరిగేదాకా చూసి, నేను వసారాలోకి వచ్చి పేపరు తీసుకుని స్తంభానికి చదివి వినిపించాను.  ఆ తరువాత ఒకటి రెండుసార్లు చంద్రగిరి వెళ్ళాను. కోట కింద చిన్న ఇల్లు, అలికిన అరుగు, తన తలుపు, తన పొయ్యి. అత్త ఒళ్ళు చేసింది, పాడుకుంటూ వండుతోంది. సంతోషించాల్సింది పోయి, నేను లేకుండా ఇంత సంతోషమా అని ఉడుక్కున్నాను. రెండేళ్ళకు నా పెళ్ళయింది. దూరాభారం, పిల్లలు. ఆమె పోయిన కబురు కూడా పదిహేను రోజుల తరువాత తెలిసింది. ఈనాటికీ చింతపండు నానవేస్తే ఆ మధ్యాహ్నాలు కమ్ముకొస్తాయి. ఏ కాగితం చేతికొచ్చినా పైకే చదువుతాను. ఎవరి కోసం చదువుతున్నావవ్వా అని పిల్లలు నవ్వుతారు.

అత్త సవతిని మాత్రం మా ఇంట్లో ఏ వరసా పెట్టి పిలవలేదు. నాకు బుద్ధి తెలిశాక నేనే చిన్నత్త అన్నాను. ఆమెకు రెండోదీ ఆడపిల్లే పుట్టింది. మామ మళ్ళీ పెళ్ళి మాట ఎత్తలేదు. ఏటా బెల్లం మాత్రం ఆమే స్వయంగా చంద్రగిరికి తెచ్చి, నాలుగు రోజులు అత్త దగ్గర ఉండి వెళ్ళేదట. ఆ పాత చట్టం తరువాత వచ్చిన చట్టాల్లో కలిసిపోయిందని మనవరాలు చెప్పింది. పుస్తకంలో దానికి నాలుగు పంక్తులు మిగిలాయి. చిన్నత్తకు ఎక్కడా ఒక్క పంక్తి లేదు. ఆ పూట మా వసారాలో ఉన్నవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలాను. నాకూ పొద్దు వాలింది. అందుకే చదివినవారిని అడుగుతున్నాను. చంకలో ఒక బిడ్డతో, కడుపులో ఒక బిడ్డతో, సవతికి ఇల్లు ఇమ్మని నలుగురిలో నోరు విప్పిన ఆ పద్దెనిమిదేళ్ళ పిల్లను, నేను లేని రోజుల్లో కూడా, ఎప్పుడైనా ఒకసారి తలుచుకోండి.