చీటీ మీద మాట

పెదబయలు కొండల్లో బోడిగట్టును కాఫీతోట చేసినవాడు, ఊరికి కుళాయి తెప్పించినవాడు, డెబ్బై ఏళ్లలో కల్లుచుక్క ముట్టనివాడు ఫల్గుణ. ఎవరు కలిసినా ఈ మూడూ చెప్పి మీసం దువ్వుకుంటాడు. కళ్లు పచ్చబడి, డొక్కలో పోటుతో ఆసుపత్రికి వెళితే డాక్టరమ్మ పొట్టయినా తడమకుండా చీటీ మీద ‘తాగుడు అలవాటు’ అని రాసి పంపేసింది. నెల్లాళ్లు బాధపడ్డాక అదే ఆసుపత్రిలో తీసిన స్కానింగులో పిత్తనాళానికి అడ్డంపడ్డ రాయి కనిపించింది. గొంతులోంచి గొట్టం దించి తీస్తామన్నారు. ఫల్గుణ బల్ల ఎక్కలేదు.

“రాయి తరవాత తీద్దురుగాని, ముందు ఆ మాట కొట్టెయ్యండి.”

“నొప్పితో మెలికలు తిరిగిపోతన్నావు, బేగి ఎక్కు తాతా!” అంది నర్సు రాజకుమారి.

“ఏటెక్కేది? నన్నడిగి రాసినారేటి? కొండోడి కళ్లు పచ్చబడితే కల్లేనా?”

డాక్టరమ్మ ముఖం కందిపోయింది. కలం తీసి ఆ మాట మీద గీత గీసింది.

“సన్నగా గీసినావమ్మా, ఇంకా కనిపిస్తంది,” అన్నాడు ఫల్గుణ, డొక్క పట్టుకుని నిలబడే.