మూడో కూలర్ చప్పుడు

కంప్యూటర్ కొట్టు వెనక గదిలో పనిచేసే ఆయన్ని అందరూ చెవి మాస్టారు అంటారు. ప్రాసెసర్ వేడెక్కి మాడిపోకుండా దాని నెత్తిన బిగించే కూలర్లలో ఏది మేలో తేల్చడం ఆయన పని. ఒకే ప్రాసెసర్ మీద వాటిని ఒక్కొక్కటిగా బిగించి, దాని చేత గొడ్డుచాకిరీ చేయిస్తారు. ఏది ఎంత చల్లబరిచిందో తెర మీద అంకెలే చెబుతాయి, దానికి మాస్టారెందుకు? చప్పుడు సంగతి ఆయనది. చప్పుడు కొలిచే మీటరూ ఉంది గానీ, హోరుకీ కూతకీ తేడా దానికేం తెలుసు! మాస్టారివి పాము చెవులు. కళ్లు మూసుకుని విని, "ఇది పక్కనుంటే నిద్ర పట్టదు" అన్నారంటే ఆ సరుకు వెనక్కి పోవాల్సిందే.

అలాంటి చెవులు ఈమధ్య మొరాయించాయి. పక్కనే ఫోన్ మోగుతున్నా ఉలకరు, పలకరని భార్య పోరి పోరి డాక్టరు దగ్గరికి పంపింది. సన్నని శబ్దాలు ఇక వినపడవని, పోయింది తిరిగి రాదని డాక్టరు తేల్చేశాడు. ఈ మాట మాస్టారు కొట్లో చెప్పలేదు. ఏ ముఖం పెట్టుకుని చెబుతారు? అన్నం పెట్టేది ఆ చెవులే.

ఆ రోజు మూడో కూలర్ బిగించారు. చల్లదనంలో మిగతా రెండూ దాని కాలిగోటికి చాలవు. మాస్టారు కళ్లు మూసుకుని విన్నారు.

"చీమ చిటుక్కుమన్నంత చప్పుడైనా లేదు. కళ్లు మూసుకుని దీన్నే తెప్పించండి" అని ముందు గదిలోకి కేకేశారు.

బిల్లులు రాసే అమ్మాయి చెవులు మూసుకుంటూ వచ్చింది. "అబ్బ, ఏంటి మాస్టారూ ఈ కూత? పళ్లు జివ్వుమంటున్నాయి!"

ఆమె వెనకే కొట్టు యజమాని కూడా వచ్చాడు.

"ఉండండి, ఇంకోసారి వింటాను" అని మాస్టారు కుర్చీ లాక్కుని, మళ్లీ కళ్లు మూసుకున్నారు. ఎంత చెవులు రిక్కించినా ఏమీ అందలేదు. ఏడుపొక్కటే తక్కువైంది. కూస్తోందని ఆ అమ్మాయి చెప్పనే చెప్పింది కదా, ఆ మాటే పట్టుకున్నారు.

"ఆఁ, నిజమే. ఇప్పుడు తెలుస్తోంది. సన్నగా కూస్తోంది, రెక్కల దగ్గర."

మాస్టారు కళ్లు తెరిచారు. తెర నల్లగా ఉంది. రెక్కలు కదలడం లేదు. ఆ కూత భరించలేక పీకేసిన ప్లగ్గు యజమాని చేతిలో ఉంది.

"ఎప్పుడో ఆపేశాను మాస్టారూ" అన్నాడు మెల్లగా.

ఆ మాట మాత్రం బాగానే వినపడింది.