బావ ముక్కు

పాడుబడిన డీజిల్ డిపోలో నేల శుభ్రం చేసే పనికి మా బావ మేస్త్రీ. ట్యాంకుల కింద నూనె ఇంకిన మట్టిని తవ్వించి లారీలకెత్తించేవాడు. పరీక్షకు పంపిన మట్టి ఫలితం వచ్చేసరికి వారం పట్టేది. అందాకా బావ ముక్కే పరీక్ష. గుంట అడుగున గుప్పెడు మట్టి తీసి వాసన చూసి, డీజిల్ కంపు లేకపోతే "చాలు" అనేవాడు, తవ్వకం ఆగేది.

ఆ రోజు "చాలు" అనేసి భోజనానికొచ్చాడు. అక్క ముఖం తిప్పుకుంది.

"అబ్బ! ఒళ్లంతా డీజిల్ కంపు."

"కంపా? నాకేం తెలియట్లేదే," అన్న బావ ముఖం అంతలోనే పాలిపోయింది. మూడు నెలలుగా ఆ కంపులోనే నానిన ముక్కు. రెండింటికి గుంట పూడ్చేస్తారు. దాని పక్కనే వీధంతా నీళ్లు తోడుకునే బావి.

కంచం ముందునుంచి లేచి అక్కను స్కూటరెక్కించాడు.

"నేనేమన్నా పోలీసు కుక్కనా?" అని దారంతా సణుగుతూనే ఉంది అక్క.

గుంటలోకి దిగి, బావ అందించిన మట్టిని ముక్కు దగ్గర పెట్టుకుంది. బావ మట్టిని చూడలేదు, ఆమె ముఖాన్నే చూస్తున్నాడు. ఆమె మొహం చిట్లించి తల పక్కకు తిప్పేసింది. అప్పటికే గుంట పూడ్చే మట్టి లారీ గేటు దాటి లోపలికొచ్చేసింది. బావ రెండు చేతులూ ఎత్తి దానికి ఎదురు పరుగెత్తాడు.

మర్నాటినుంచి భోజనం క్యారియర్ అక్కే తెచ్చేది. గుంటలో మట్టి వాసన చూశాకే దాని మూత తీసేది.